జాగ్రత్త: పీహెచ్‌డీ స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్నారు, నాకొచ్చిన జవాబునే నాకు చూపించలేదు

నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో నల్గొండ బస్సెక్కినప్పటి నుంచి ఒళ్లు మండిపోతూనే ఉంది, రాత్రి నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి. జర్మనీ, ఫుల్ ఫండింగ్, హండ్రెడ్ పర్సెంట్ గ్యారంటీ అని ఫోన్లు చేస్తారు చూడండి, ఆ కన్సల్టెన్సీ గురించే. పేరు రాయను. మన వైపు పీజీ చేసినోళ్లలో సగం మంది ఫోన్లలో ఆ నంబరు ఉండే ఉంటుంది.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయిపోయింది, బయట పీహెచ్‌డీ చేయాలని ఆశ, ఇంట్లో అంత డబ్బు లేదు. ఆగస్టులో బత్తాయి కాయ అమ్మిన డబ్బుల్లోంచి నాయిన 85,000 తీసి ఇచ్చాడు. వాళ్లు నోటితో చెప్పింది ‘స్కాలర్‌షిప్ ప్రాసెసింగ్’, రసీదు మీద రాసింది ‘డాక్యుమెంటేషన్ ఛార్జీలు, తిరిగి ఇవ్వబడవు’. అది నేను చదివాను. చదివే సంతకం పెట్టాను.

ఇంకా పెద్ద తెలివి ఉంది వినండి. ‘మీ పేరుతో కొత్త మెయిల్ ఐడీ మేమే చేస్తాం, యూనివర్సిటీలన్నీ ఒక్కచోట చూసుకోవచ్చు’ అన్నారు. పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే. ఒకసారి అడిగితే, మీరు మధ్యలో లాగిన్ అయితే మా సిస్టమ్ గందరగోళం అవుతుందన్నారు. నా పేరు మీదున్న మెయిల్ నేను తెరిస్తే గందరగోళమయ్యే సిస్టమ్ ఏంటో, సరే మేడం అని ఫోన్ పెట్టేశాను.

తర్వాత నెలల తరబడి ఒకటే మాట, ‘ప్రాసెస్‌లో ఉంది’. మార్చిలో ఫోన్ చేసి కంగ్రాట్స్, స్కాలర్‌షిప్ వచ్చింది అన్నారు. నాయిన వాడకట్టంతా స్వీట్లు పంచాడు. రెండు రోజులకు లెటర్ వచ్చింది. చూస్తే అదేదో ప్రైవేటు సంస్థ, ఏడాదికి 12,000 యూరోల ఫీజు, అందులో 2,000 తగ్గిస్తారట. ఆ తగ్గింపు పేరే స్కాలర్‌షిప్! అక్కడే చదువుతున్న మా సీనియర్ అన్నకు పంపితే ఆయన తిట్టినంత పని చేశాడు. ‘ఇక్కడ గవర్నమెంటు యూనివర్సిటీల్లో పీహెచ్‌డీకి దాదాపు ఎక్కడా ట్యూషన్ ఫీజు ఉండదు చెల్లే, చాలా చోట్ల అది ఉద్యోగం, E13 అనే ఇక్కడి గవర్నమెంటు జీతాల స్కేలులో సగమో 65 శాతమో జీతమిస్తారు, నువ్వు ఎవరికి కడుతున్నావ్ ఫీజు?’ అన్నాడు.

అందుకే నిన్న నేరుగా ఆఫీసుకు పోయాను. మేడం లంచ్‌లో ఉంది. సిస్టమ్ దగ్గర కొత్తగా చేరిన తమ్ముడొకడు, దేవరకొండ అతను, మన యాస వినగానే కుర్చీ వేశాడు. నా మెయిల్ ఒకసారి తెరువు తమ్మీ అంటే తెరిచాడు.

పంపినవి 41. అన్నిటికీ ఒకటే లెటర్. అందులో నాకు చిన్నప్పటి నుంచి బ్రిడ్జిలంటే ప్రాణమట, కాంక్రీటులో పరిశోధన చేయడం నా కలట. నేను చదివింది కెమిస్ట్రీ. ఎవరో సివిల్ అబ్బాయి లెటర్ తెచ్చి పైన పేరు మార్చి, ముందో వెనకో చూడకుండా పంపేశారు. అక్కడిదాకా నవ్వొచ్చింది కూడా.

వచ్చినవి మూడు. రెండు మర్యాదగా కుదరదన్నవి. మూడోది జనవరి 19న వచ్చింది, నీళ్ల శుద్ధి మీద పనిచేసే ప్రొఫెసర్. చిన్న మెయిలే, కానీ కంఠతా వచ్చేసింది. మీ లెటర్ బ్రిడ్జిల గురించి ఉంది, సీవీలో మాత్రం తాగునీటిలో ఫ్లోరైడ్ మీద ప్రాజెక్టు చేశానని ఉంది, మీరు చదివిన నల్గొండ, నల్గొండ టెక్నిక్ పేరులో ఉన్న నల్గొండేనా? అయితే ఆ ప్రాజెక్టులో మీరు సొంతంగా చేసిందేమిటో ఒక పేజీ రాసి జనవరి 31 లోపు పంపండి, నా దగ్గర ఒక పొజిషన్ ఖాళీ ఉంది, అని.

అవును సార్, ఆ నల్గొండే. పటిక, సున్నం, బ్లీచింగ్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి వాళ్లు 1970లలో తయారుచేస్తే దానికి మా ఊరి పేరే పెట్టారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క నేను పుస్తకంలో చదవకముందే మా నాయినమ్మ మోకాళ్లలో చూశాను. మర్రిగూడ వైపు ఊళ్లు తిరిగి బోరునీళ్లు బాటిళ్లలో పట్టుకొచ్చిన ప్రాజెక్టు అది. ఒక పేజీ కాదు, పది పేజీలు ఆ రాత్రే రాసి పంపేదాన్ని. కానీ నాకు తెలిసేసరికి ఏప్రిల్.

అంతలో మేడం వచ్చింది. ఇది నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఆమె కనీసం కూర్చోలేదు. ‘ఇలాంటివి రోజుకు వందొస్తాయమ్మా, అన్నీ చదువుతూ కూర్చుంటామా? అయినా నల్గొండ యూనివర్సిటీ సర్టిఫికెట్‌కు జర్మనీ ప్రొఫెసర్ సీటిస్తాడని ఎట్లా అనుకున్నావ్, మేం ఆ ఆఫర్ తెప్పించిందే ఎక్కువ’ అంది. అంటూనే వంగి మానిటర్ స్విచ్ నొక్కేసింది. నా వెనకే ఆ తమ్ముడు తల దించుకుని నిలబడ్డాడు.

నేనేం చేశాననుకున్నారు? సరే మేడం అని లేచి వచ్చాను. మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మాటా గుర్తొచ్చింది అనాల్సింది. ఆమె రాకముందే ఆ మెయిల్‌ను ఫోన్‌లో ఫొటో తీసుకున్నాను, నిన్నంతా నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మీకు పనికొస్తాయేమోనని నాలుగు మాటలు, రాసే ఓపిక లేదు కానీ రాస్తాను. మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. జర్మనీ వాళ్లిచ్చే డీఏఏడీ స్కాలర్‌షిప్‌కు, యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ పోస్టులకు అప్లికేషన్ ఫీజే లేదు, మేరీ క్యూరీవి యూరాక్సెస్ సైట్లో ఊరికే కనిపిస్తాయి. నాతో పాటు కట్టిన ఒకమ్మాయికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఇప్పిస్తామన్నారట, అది ఇక్కడ ఇప్పటికే పీహెచ్‌డీలో చేరినోళ్లు కొన్ని నెలలు అమెరికాలో రీసెర్చ్ చేసి రావడానికి ఇచ్చేది, డిగ్రీకి కాదు. ఎస్సీ, ఎస్టీ పిల్లలు తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల సైట్ ఈపాస్‌లో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి చూడండి, అర్హత ఉంటే 20 లక్షల వరకు ఇస్తారు. వీటికి మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఇప్పటికే డబ్బు కట్టి ఇరుక్కున్నవాళ్లు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, హైదరాబాద్ దాకా తిరగక్కర్లేదు, మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు. సోమవారం నేను పోతున్నా. వాళ్ల రసీదు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కలిసి పోదాం.

రాత్రి నా సొంత మెయిల్ నుంచి ఆ ప్రొఫెసర్‌కు జరిగింది జరిగినట్టు రాసి, ప్రాజెక్టు గురించి ఒక పేజీ పెట్టి పంపాను. ఇంకా జవాబు లేదు. ఇంట్లో ఇంకా ఏమీ చెప్పలేదు. పొద్దున తోటకు పోతూ నాయిన గడపలో ఆగి, ‘జర్మనీకి టికెట్ ఎంతయితది బిడ్డా’ అని అడిగాడు.