తగ్గని గ్యాస్‌కు ఎండోస్కోపీ మేలా, సీటీ మేలా?

బెంగళూరు కె.ఆర్.పురంలో నాకు మందుల దుకాణం ఉంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు మా వీధిలో ఎక్కువ. గ్యాస్‌కు వాడే పాంటాప్రజోల్ మాత్రల ఖాళీ అట్ట బల్ల మీద పెట్టి వాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: "మూడు నెలలుగా వాడుతున్నా ఉబ్బరం తగ్గడం లేదండీ. ఎండోస్కోపీ చేయించాలా, స్కానింగా, సీటీయా?" పరీక్ష రాయవలసింది డాక్టరే. కానీ ఏ పరీక్షలో ఏది కనబడుతుందో తెలిస్తే ఆయనను ఏమడగాలో తెలుస్తుంది.

పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట, తిన్న వెంటనే బరువు ఉంటే ఎండోస్కోపీయే మేలు. నోటిగుండా కెమెరా గొట్టం పంపితే అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగం లోపలి గోడలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పుండు ఉంటే దొరుకుతుంది. అయితే జీర్ణరసాలు, ఇన్సులిన్ తయారుచేసే క్లోమం (పాంక్రియాస్) ఉండేది జీర్ణాశయం వెనుక, వెన్నెముక ముందు. ఆ గొట్టం అక్కడిదాకా చూడలేదు. ఎండోస్కోపీ బాగుందంటే క్లోమం కూడా బాగుందని కాదు.

పొట్ట అల్ట్రాసౌండ్ చవక, రేడియేషన్ ఉండదు, పిత్తాశయంలో రాళ్లను బాగా పట్టేస్తుంది. దాని బలహీనత పేగుల్లోని గాలి. కొడుకు దగ్గర ఉండడానికి వచ్చిన అరవై ఒకటేళ్ల పెద్దాయన ఒకరు తన రిపోర్టు నాకు చూపించారు. చివర "నార్మల్" అని ఉంది. పైన నాలుగో వరుసలో మాత్రం క్లోమం గాలి అడ్డుపడి సరిగా కనబడలేదని రాసి ఉంది. ఆ వరుస ఇంట్లో ఎవరూ చదవలేదు. మీ రిపోర్టులో అలాంటి మాట ఉందేమో ఈ రోజే తీసి చూడండి.

ఆయన బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త రంధ్రాలు రెండున్నాయి. పథ్యం చేయకుండానే ఏడు కిలోలు తగ్గారు. అంతకు ఆరు నెలల ముందే, ఇంట్లో ఎవరికీ లేని షుగర్ ఆయనకు బయటపడింది. నా లెక్కలో ఏ పరీక్షో తేల్చేది కడుపునొప్పి తీవ్రత కాదు, ఈ రెండూ. అజీర్తి అందరికీ ఉంటుంది. కారణం లేకుండా బరువు తగ్గడం, యాభై దాటాక కొత్తగా షుగర్ రావడం, నొప్పి వీపులోకి పాకడం, మలం జిడ్డుగా తేలుతూ నీళ్లు పోసినా పోకపోవడం మామూలు గ్యాస్ లక్షణాలు కావు, క్లోమంలో తేడాకు గుర్తులు కావచ్చు. కొత్తగా షుగర్ వచ్చిన పెద్దవాళ్లలో నూటికి తొంభై తొమ్మిది మందికి క్లోమంలో క్యాన్సర్ ఉండదు, నిజమే. దానికి బరువు తగ్గడం తోడైతే మాత్రం ఆగకూడదు. అరవై దాటినవారిలో బరువు తగ్గడంతో పాటు కడుపునొప్పో, వీపునొప్పో, కొత్త షుగరో ఉంటే రెండు వారాల్లోగా సీటీ తీయించే విషయం ఆలోచించమని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ డాక్టర్లకు సూచిస్తోంది. కళ్లు పచ్చబడితే అరవై దాకా కూడా ఆగనక్కర్లేదు, నలభై దాటితే చాలు.

అందుకే అలాంటివారికి నా మొగ్గు రంగు మందు ఎక్కించి తీసే సీటీ వైపే. ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవాలి. పాతికేళ్ల కుర్రవాడికి మసాలా తిన్నాక మంట వస్తే సీటీ వద్దు, ఊరికే రేడియేషన్.

క్లోమ క్యాన్సర్‌లో పెరిగే సీఏ 19-9 అనే పదార్థాన్ని కొలిచే రక్తపరీక్ష ముందుగా చేయించుకోవద్దు. పిత్తం అడ్డుపడినా అది పెరుగుతుంది, కొందరి శరీరంలో అది అసలు తయారే కాదు. పిత్తనాళాన్నీ క్లోమనాళాన్నీ చూపే ఎంఆర్ఐ స్కాన్ (ఎంఆర్‌సీపీ), గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉండే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ సీటీ తర్వాతి మాట.

పెద్దాయన సీటీలో క్యాన్సర్ లేదు. క్లోమనాళంలో రాళ్లు ఉన్నాయి, దీర్ఘకాలిక వాపు. ఇప్పుడు నెలనెలా, తిన్నది అరగడానికి వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్‌కు వస్తారు. మొదటి ముద్దతోనే వేసుకుంటున్నారా అని నేను ప్రతిసారీ అడుగుతాను. పోయిన నెల బెల్టు ఒక రంధ్రం వెనక్కి జరిగింది.