పాత ఫుట్‌బాల్ వరల్డ్ కప్ మ్యాచ్‌లు పూర్తిగా చూపించే యాప్: పెలేనా, క్రైఫా అన్న గొడవ దీంతో తేలుతుందా?

పాత వరల్డ్ కప్ మ్యాచ్‌లను ముక్కలుగా కాకుండా మొదటి విజిల్ నుంచి చివరి విజిల్ దాకా చూపించే స్ట్రీమింగ్ యాప్ ఒకటి తీసుకున్నాను. కింద తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. తీసుకున్నది ఒక్క పని కోసమే. 1958 నుంచి 1974 దాకా ఆడినవాళ్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరు, బ్రెజిల్ పెలేనా, నెదర్లాండ్స్ క్రైఫా అన్న గొడవ ఉంది కదా, దాని సంగతి చూద్దామని.

ఈ గొడవలో అందరూ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకమే, అందులో నేనూ ఉన్నాను. కాకపోతే వాదించేవాళ్లలో ఎక్కువమంది చూసింది అవే క్లిప్పులు. పెలే హెడర్ (తలతో కొట్టిన గోల్), క్రైఫ్ టర్న్, బ్రెజిల్ వింగర్ (మైదానం అంచు వెంట ఆడేవాడు) గరించా ఒకే డిఫెండర్‌ని రెండుసార్లు బోల్తా కొట్టించడం, అంతే. అవి అయిపోగానే ట్రోఫీల లెక్కలోకి దిగుతారు. క్రైఫ్‌కి మూడు బాలన్ డోర్‌లు (ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే అవార్డు; 1971, 1973, 1974), పెలేకి ఒక్కటీ లేదు అంటూ మొదలుపెడతారు. అయ్యా, 1995 దాకా ఆ అవార్డు యూరప్ ఆటగాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇచ్చేవాళ్లే కాదు, పెలేకి ఎక్కడి నుంచి వస్తుంది?

సరే, యాప్ సంగతికొస్తే, దీని అసలు విలువ 1970 ఫైనల్‌లో తెలుస్తుంది. బ్రెజిల్ 4, ఇటలీ 1. చివరి గోల్ అందరికీ తెలుసు, పెలే కుడివైపుకి బంతిని మెల్లగా దొర్లిస్తే కార్లోస్ అల్బెర్టో పరుగెత్తుకొచ్చి బాదేస్తాడు. క్లిప్పులో చూస్తే "ఆహా, చూడకుండానే ఎలా ఇచ్చాడో" అనిపిస్తుంది. పూర్తి మ్యాచ్ చూస్తే మాత్రం ఆ పాస్‌లో మాయ ఏమీ లేదని, దాని వెనక గంటన్నర లెక్క ఉందని అర్థమవుతుంది. ఇటలీ మనిషికి మనిషిని అంటించి ఆడుతోంది. బ్రెజిల్ జైర్జిన్హో కుడివైపు ఉండాల్సినవాడు, మాటిమాటికీ లోపలికి వెళ్లిపోతుంటాడు, అతన్ని కాపలా కాసే ఫాకెట్టి కూడా వెనకే పోతాడు, దాంతో కుడివైపు మైదానం ఖాళీ. ఇది మ్యాచ్ పొడుగునా జరుగుతూనే ఉంటుంది. 86వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు టోస్టావో వెనక్కి వచ్చి బంతి లాక్కోవడం, సొంత సగంలో క్లోదోవాల్డో నలుగురిని దాటడం (మొదటి సగంలో ఇదే మనిషి అనవసరంగా మడమతో తన్నబోయి ఇటలీకి గోల్ ఇచ్చేశాడు, అది ఏ క్లిప్పులోనూ ఉండదు), రివెలినో, అక్కడి నుంచి ఎడమవైపు జైర్జిన్హో, అతను పెలేకి. బంతి వచ్చేసరికి పెలేకి కుడివైపు ఖాళీగా ఉంటుందని ముందే తెలుసు. తొందర లేదు, ఆగుతాడు, దొర్లిస్తాడు. నాకు ఇటలీ డిఫెండర్ బుర్గ్‌నిచ్ మీద నుంచి ఎగిరి కొట్టిన ఆ హెడర్ కన్నా ఈ ఆగడమే ఎక్కువ గొప్పగా అనిపించింది.

తర్వాత 1974, క్రైఫ్ అభిమానులు కొంచెం ఓపిక పట్టాలి. స్వీడన్‌తో ఆడిన మ్యాచ్‌లోనే ఆ ఫేమస్ టర్న్ ఉంది, స్వీడన్ డిఫెండర్ యాన్ ఓల్సన్ ఒకవైపు, బంతి ఇంకోవైపు. అద్భుతమే, కాదనను. కానీ ఆ మ్యాచ్ 0-0తో ముగిసిందని ఎంతమందికి గుర్తుంది? మరోవైపు క్రైఫ్ నిజంగా ఏంటో తెలియాలంటే ఫైనల్ మొదటి నిమిషం చూడాలి. జర్మనీ వాళ్లు బంతిని ముట్టుకోకముందే, నెదర్లాండ్స్ జట్టులో గోల్‌కీపర్‌ని పక్కనపెడితే అందరికన్నా వెనక ఉన్నది క్రైఫ్, స్ట్రైకర్ అనబడేవాడు! అక్కడి నుంచి బంతి తీసుకుని పరుగు మొదలుపెట్టి జర్మనీ డిఫెండర్ ఫోగ్ట్స్‌ని దాటి బాక్స్‌లో పడతాడు, పెనాల్టీ. సహచరుడు నీస్కెన్స్ కొడతాడు, గోల్. ఆ ఒక్క నిమిషం చూస్తే ఫుట్‌బాల్‌లో పొజిషన్ అనే మాటకే అర్థం మారిపోయినట్టు ఉంటుంది. మిగతా మ్యాచ్ మాత్రం ఫోగ్ట్స్‌దే. మొదట్లోనే ఎల్లో కార్డ్ తిన్నా భయపడకుండా జిడ్డులా పట్టుకున్నాడు. క్రైఫ్ బంతి కోసం వెనక్కి వెనక్కి పోతాడు, హాఫ్‌టైమ్‌కి రిఫరీతో గొడవపడి తనూ ఎల్లో కార్డ్ తెచ్చుకుంటాడు, జర్మనీ 2-1తో కప్పు ఎగరేసుకుపోతుంది. అదే టోర్నీలో అర్జెంటీనాను 4-0తో ఉతికిన మ్యాచ్‌లో క్రైఫ్ కొట్టిన రెండు గోల్స్ చూస్తే మాత్రం ఇదంతా మర్చిపోతాం. అతని అభిమానులకు ఆ మ్యాచ్ చాలు.

ఈ యాప్ పుణ్యమా అని నా లెక్కలో బాగా పైకి వచ్చినవాడు గరించా. 1962లో రెండో మ్యాచ్‌కే పెలే గాయపడి బయటికి పోయాడు, ఇక జట్టంతా ఈయన మీదే. ఇంగ్లండ్‌తో క్వార్టర్ ఫైనల్‌లో పొట్టివాడైనా కార్నర్ నుంచి తలతో ఒకటి, బాక్స్ బయటి నుంచి మెలితిప్పి ఇంకొకటి. (మధ్యలో కుక్క ఒకటి మైదానంలోకి వచ్చేస్తుంది, ఇంగ్లండ్ ఆటగాడు జిమ్మీ గ్రీవ్స్ నాలుగు కాళ్ల మీద వంగి దాన్ని పట్టుకుంటాడు. ఇలాంటివి పూర్తి మ్యాచ్‌లోనే దొరుకుతాయి.) సెమీస్‌లో చిలీ మీద మళ్లీ రెండు. అందులోనే రిఫరీ బయటికి పంపేసినా ఫైనల్ ఆడనిచ్చారు. ఇక డ్రిబ్లింగ్ చూడండి, ఎప్పుడూ ఒకే ట్రిక్! ఆగుతాడు, లోపలికి వంగుతాడు, కుడివైపు బయటికి పోతాడు. డిఫెండర్‌కి తెలుసు, స్టేడియంకి తెలుసు, చూస్తున్న మనకి తెలుసు, అయినా ప్రతిసారీ పోతాడు.

1966లో బ్రెజిల్-పోర్చుగల్ మ్యాచ్ కూడా ఎవరూ దాటవేయొద్దు. పెలే ఆ రోజుల్లో ఎందుకు తేలిగ్గా ఆడలేదో అక్కడ కనిపిస్తుంది. పోర్చుగల్ డిఫెండర్ మొరాయిస్ ఒకే ఊపులో రెండుసార్లు తన్నుతాడు, అయినా మైదానంలోనే ఉంటాడు. బయటికి పంపే అధికారం రిఫరీకి ఉన్నా, ఎల్లో, రెడ్ కార్డులు వరల్డ్ కప్‌లోకి వచ్చిందే 1970లో. సబ్‌స్టిట్యూట్లూ అప్పుడే. అందుకే పెలే ఆ మిగతా మ్యాచ్ అంతా కుంటుతూ తిరిగాడు, అవతల యూసేబియో రెండు కొట్టి పోర్చుగల్‌ని 3-1తో గెలిపించాడు. ఇప్పటి ఆటగాళ్లతో పోల్చి "అప్పుడు డిఫెన్స్ ఎక్కడుంది" అనేవాళ్లకి ఈ మ్యాచ్ లింకు పంపితే చాలు, వేరే మాట అక్కర్లేదు.

ఇక తిట్లు. పెద్ద లోపం వీడియోలో కాదు, లిస్టులో ఉంది. వరల్డ్ కప్ మ్యాచ్‌లే ఉన్న చోట రియల్ మాడ్రిడ్ దిగ్గజం డి స్టెఫానో లేడు, ఎందుకంటే అతను వరల్డ్ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1962లో స్పెయిన్ జట్టుతో వెళ్లి కూడా గాయంతో బెంచీకే పరిమితమయ్యాడు. జార్జ్ బెస్ట్ లేడు, అతను నార్తర్న్ ఐర్లాండ్‌కి ఆడిన కాలంలో ఆ జట్టు వరల్డ్ కప్‌కి రానే లేదు. అంటే "గ్రేటెస్ట్" అని ఇందులో వెతికితే సగంమంది పోటీకే రారు. 1960 యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) ఫైనల్, రియల్ మాడ్రిడ్ 7, ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ 3, నేను వేరేచోట వెతుక్కుని చూడాల్సి వచ్చింది. మాడ్రిడ్ తరఫున పుష్కాష్ నాలుగు, డి స్టెఫానో మూడు. ఆ మూడోది చూడండి, ఫ్రాంక్‌ఫర్ట్ వాళ్లు గోల్ కొట్టి సంబరపడుతుండగానే సెంటర్ నుంచి మళ్లీ మొదలుపెట్టి, నేరుగా వెళ్లి కొట్టేస్తాడు. క్రైఫ్ 1974లో చేసిందాన్ని, అంటే వెనక్కి వచ్చి బంతి తీసుకుని ఆట నడిపి మళ్లీ తనే ముందుకు పోవడాన్ని, ఈయన అంతకు పద్నాలుగేళ్ల ముందే చేస్తున్నాడు. ఇలాంటి మ్యాచ్ లేని యాప్ హోమ్ పేజీలో "ఆల్ టైమ్ లెజెండ్స్" అని వరుస పెట్టడం కొంచెం అతి.

చిన్న చిరాకులూ ఉన్నాయి. మ్యాచ్ పేరు పక్కనే స్కోరు రాసేస్తారు. టైమ్‌లైన్ మీద గోల్ పడ్డ చోటల్లా చుక్క ఉంటుంది, ఆపేసే ఆప్షన్ లేదు. అన్నింటికన్నా ఘోరం, పాత చదరపు బొమ్మను వెడల్పు స్క్రీన్‌కి సరిపడేలా పైనా కిందా కోసేశారు. టచ్‌లైన్ దగ్గర వింగర్ ఉంటే కాళ్లు కనిపించవు, గరించాని కాళ్లు లేకుండా చూపించడం ఏమిటండీ! సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సైజు ఉంది కానీ ప్రతి మ్యాచ్‌కీ మళ్లీ పెట్టుకోవాలి. క్వాలిటీ పెంచామని చెప్పుకునే కొన్ని వీడియోల్లో బొమ్మ నున్నగా అయిపోయి నలుపు-తెలుపులో బంతి గడ్డిలో కలిసిపోతుంది. నేనైతే గరుకుగా ఉన్న పాత వెర్షనే పెట్టుకుంటున్నాను.

నా తీర్పు కావాలంటే, పెలే మొదట, గరించా వెంట్రుకవాసిలో రెండు, క్రైఫ్ మూడు. డి స్టెఫానోకి నంబరు ఇవ్వను, ఒక్క ఫైనల్ చూసి ఇవ్వడం న్యాయం కాదు. జర్మనీ బెకెన్‌బావర్‌ని ఎందుకు కలపలేదు అంటే, డిఫెండర్‌ని వీళ్లతో తూచడం నాకు చేతకాదు, అంతే.

యాప్‌కి ఐదుకి మూడున్నర. బొమ్మ కోయడం మానేస్తే నాలుగు. క్లబ్ మ్యాచ్‌ల కోసమైతే తీసుకోకండి, లేవు. తీసుకున్నవాళ్లు మొదట 1962 క్వార్టర్ ఫైనల్‌తో మొదలుపెట్టండి, స్క్రీన్ సైజు మార్చుకోవడం మాత్రం మర్చిపోకండి.