డీవీడీస్టైలర్, ఇమ్‌గ్‌బర్న్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

వీడియో ఫైళ్ళని డీవీడీ ప్లేయర్లో ఆడేలా డిస్క్ చేయాలంటే చాలా ఏళ్ళుగా నేను తెరిచేది ఈ రెండు ఉచిత ప్రోగ్రాములనే. డీవీడీస్టైలర్‌తో డిస్క్ తయారుచేస్తాను, ఇమ్‌గ్‌బర్న్‌తో బర్న్ చేస్తాను, అంటే ఖాళీ డిస్క్ మీద రాస్తాను. మొదటిదానికి బర్న్ చేయడం కూడా వచ్చు. అయినా కొత్తవాళ్ళకి రెండు పనులూ విడివిడిగానే చేసుకోమంటాను.

ఎంపీ4 ఫైల్‌ని ఉన్నదున్నట్టు డిస్క్‌లోకి కాపీ చేస్తే అది డేటా డిస్క్ అవుతుంది. కంప్యూటర్లో ఆడుతుంది, కొన్ని ప్లేయర్లలోనూ ఆడొచ్చు. పాత ప్లేయర్ మాత్రం గుర్తుపట్టదు. దానికి వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ ఉండాలి, అందులో ఎంపెగ్-2 అనే వీడియో ఫార్మాట్‌లోకి మార్చిన వీడియో ఉండాలి. ఈ మార్పిడంతా డీవీడీస్టైలర్ చూసుకుంటుంది. ఫైల్‌ని లాక్కొచ్చి కింద ఉన్న వరుసలో వదిలితే చాలు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు టీవీ పద్ధతుల్లో పాల్ (PAL) కావాలా, ఎన్‌టీఎస్‌సీ (NTSC) కావాలా అని అడుగుతుంది. మీ టీవీ, ప్లేయర్ ఏది తీసుకుంటాయో చూసి ఎంచుకోండి. హెచ్‌డీ వీడియో అయినా పాల్‌లో 720×576కి, ఎన్‌టీఎస్‌సీలో 720×480కి దిగిపోతుంది. డీవీడీ హద్దే అంత, ప్రోగ్రాముని తప్పుపట్టి లాభం లేదు.

కొత్తవాళ్ళు ఎక్కువగా తికమకపడేది సైజు దగ్గర. “నా ఫైల్ 1 జీబీయే, కాబట్టి ఇలాంటివి నాలుగు పడతాయి” అనుకుంటారు. పడవు. మార్చాక ఫైల్ ఎంతవుతుందనేది అసలు ఫైల్ సైజుని బట్టి కాదు, వీడియో నిడివిని బట్టి, బిట్‌రేట్‌ని (ఒక్కో సెకనుకి వాడే డేటాని) బట్టి ఉంటుంది. సెకనుకి 5 మెగాబిట్ల చొప్పున లెక్కేస్తే 4.7 జీబీ డిస్క్‌లో సుమారు 2 గంటలే పడుతుంది. బిట్‌రేట్ తగ్గించి మూడున్నర గంటలు ఇరికించొచ్చు, కానీ కదలిక ఎక్కువున్న చోటల్లా బొమ్మ గళ్ళుగళ్ళుగా విడిపోతుంది. దానికన్నా రెండు డిస్కులు చేసుకోవడమే నయం. అన్నట్టు, 4.7 అని రాసి ఉన్న డిస్క్ విండోస్‌లో 4.37గా కనిపిస్తుంది. అది లెక్కపెట్టే పద్ధతిలో తేడా, డిస్క్‌లో లోపం కాదు.

మెనూ డిజైన్లు పాతబడ్డాయి. నేను మెనూ లేకుండానే చేస్తాను.

చివర్లో నేరుగా బర్న్ నొక్కకుండా డీవీడీస్టైలర్‌ని ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా దాచిన నకలు) చేయమనండి. దాన్ని వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ప్రోగ్రాములో తెరిచి శబ్దం సరిగ్గా కలిసిందో లేదో, బొమ్మ సాగిపోయిందేమో చూసుకోవచ్చు. ఏదైనా తేడా ఉంటే డిస్క్ దండగ కాకముందే తెలుస్తుంది. బర్న్ మధ్యలో చెడినా మార్పిడి మళ్ళీ మొదటినుంచి చేయక్కర్లేదు. ఈ ఒక్క సుఖం కోసమే నేను రెండు ప్రోగ్రాములు పెట్టుకున్నాను.

ఇమ్‌గ్‌బర్న్ విండోస్‌కి మాత్రమే. 2.5.8.0 వెర్షన్ 2013లో వచ్చింది, చూడ్డానికీ ఆ కాలంలాగే ఉంటుంది. పని మాత్రం ఈరోజుకీ నికార్సుగా చేస్తుంది. ఐఎస్ఓని ఎంచుకుని, వెరిఫై (రాసింది సరిగ్గా ఉందో లేదో సరిచూడడం) గడిలో టిక్ పెట్టి, వేగం 4 లేదా 8కి తగ్గించి మొదలుపెట్టండి. 16 వేగంలో మిగిలేది కొన్ని నిమిషాలే. పాత ప్లేయర్లలో ఆగి ఆగి ఆడే ప్రమాదం ఎందుకు? రాయడం అయ్యాక ట్రే దానంతటదే బయటికొస్తుంది. ల్యాప్‌టాప్ డ్రైవులో అయితే అది తిరిగి లోపలికి పోలేదు. పని అయిపోయిందనుకుని డిస్క్ తీసేయకండి, చేత్తో లోపలికి నెట్టండి, అప్పుడే వెరిఫై మొదలవుతుంది. అంతా సవ్యంగా ముగిస్తే చిన్న ట్యూన్ వినిపిస్తుంది.

డిస్కుల విషయానికొస్తే, బాగా పాత ప్లేయర్ కోసమైతే డీవీడీ-ఆర్ (DVD-R) రకం కొనండి. పేరు సీడీ మార్కర్‌తోనే రాయండి. కాగితం స్టిక్కర్ అంటిస్తే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకి లాగి, చక్కగా బర్న్ అయిన డిస్క్ కూడా మొరాయిస్తుంది.