కోట గారి సినిమాల కోసం ఏడాది చందా కట్టాను, నెల రోజులు చూశాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ యాప్‌కి నేను ఐదుకి మూడే ఇస్తున్నాను. పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందులు పాత తెలుగు సినిమాలు పెట్టే యాప్‌లు చాలావాటిలో ఉన్నాయి, నా ఫోన్‌లో మూడు వాడి చూశాను కాబట్టి చెబుతున్నాను. కొత్త సినిమాల కోసం చందా కట్టేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. కోట శ్రీనివాసరావు గారి లాంటి నటుడి సినిమాలు వరుసగా చూడాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎందుకు కట్టానంటే, మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయ్యింది. గుడివాడ నుంచి మా ఇంటికి వచ్చి నెల రోజులు ఉన్నారు. ఒక కంటికి చేసి, మధ్యలో ఆగి, రెండో కంటికి చేశారు. టీవీ వైపు ఎక్కువసేపు చూడలేకపోయేవారు, నీళ్లు కారేవి. ఊరికే పడుకోలేరు, రేడియోలో మాటలు తక్కువ, పాటలు ఎక్కువ. "ఏదైనా సినిమా పెట్టు, వింటూ పడుకుంటా" అన్నారు. ఏ సినిమా పెట్టమంటారు అత్తయ్యా అంటే, "కోటది పెట్టు, మా పక్క ఊరాయన" అన్నారు. కోట గారిది కృష్ణా జిల్లా కంకిపాడు, గుడివాడకి దగ్గరే. 2025 జులై 13న ఆయన పోయారన్న వార్త విన్నప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడలేదని మా ఆయన చెప్పారు.

సరే, యాప్ తెరిచి కోట శ్రీనివాసరావు అని కొట్టాను. తెలుగులో కొడితే కోట అన్న పేరున్న ఏవో సినిమాలు, భక్తి సినిమా ఒకటి వచ్చాయి. ఇంగ్లిష్‌లో కొడితే నాలుగే వచ్చాయి. 700కి పైగా సినిమాల్లో చేసిన మనిషికి నాలుగు! తర్వాత అర్థమైంది ఏం జరుగుతోందో. ఈ యాప్‌లో ప్రతి సినిమా కింద హీరో పేరు, హీరోయిన్ పేరు, దర్శకుడి పేరు మాత్రమే ఎక్కించారు. వెతికేది ఆ మూడు పేర్లలోనే. కాబట్టి కోట గారైనా, రావు గోపాలరావు గారైనా, సూర్యకాంతమ్మ గారైనా, నిర్మలమ్మ గారైనా వెతికితే దొరకరు. సినిమా ఉంది, అందులో వాళ్లున్నారు, కానీ యాప్ దృష్టిలో లేరు. నాకు నిజంగా బాధేసింది. పోస్టర్‌లో చిన్న బొమ్మ వేసినా ఫర్వాలేదు, పేరైనా ఎక్కించాలి కదా. ఒక మనిషి కూర్చుని టైటిల్స్ చూసి పేర్లు రాసుకుంటే అయిపోయే పని అది.

ఇక నేనే కాగితం మీద సినిమాల పేర్లు రాసుకుని ఒక్కొక్కటీ వెతికాను. అలా పద్నాలుగు దొరికాయి.

మొదట 'అహ నా పెళ్లంట' పెట్టాను. 1987లో జంధ్యాల గారు తీసింది. ఇది చూడనివాళ్లు ఉండరు, అయినా మొదటిసారి ఈ సినిమాని నేను అత్తయ్యతో పాటు వినడం జరిగింది, వంటింట్లో పని చేసుకుంటూ. లక్ష్మీపతి అనగానే మనకి గుర్తొచ్చేది బొమ్మే, ఇంటి కప్పుకి వేలాడే కోడి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినడం, బట్టలు అరిగిపోతాయని ఒంటికి చుట్టుకున్న న్యూస్ పేపర్. అవేవీ కనిపించకుండా గొంతు మాత్రమే వింటే తెలిసింది, ఆ పిసినారితనం అంతా గొంతులోనే ఉంది. మాటని కూడా ఖర్చు పెట్టడం ఇష్టం లేనట్టు పలుకుతారు. ఎదుటివాడు ఏదైనా అడగబోతున్నాడని అనుమానం రాగానే గొంతు సన్నబడిపోతుంది, తనకేదైనా వస్తుందని తెలిస్తే అదే గొంతు తేనెలా జారుతుంది. అరగుండుగా వేసిన బ్రహ్మానందం గారి మీద కసురుకునేటప్పుడు మాత్రం ఏ మొహమాటమూ ఉండదు. అత్తయ్య కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని, పడుకునే నవ్వారు. నవ్వితే కంటికి మంచిది కాదేమోనని నాకు టెన్షన్, ఆవిడకి లేదు.

మర్నాడు 'ప్రతిఘటన' పెట్టాను, 1985లో టి. కృష్ణ గారు తీసిన సినిమా. విజయశాంతి గారి సినిమాగానే అందరికీ గుర్తు, అది న్యాయమే. కానీ రౌడీ కాళి వెనకున్న రాజకీయ నాయకుడు కాశయ్యగా కోట గారు మాట్లాడుతుంటే, లక్ష్మీపతి విన్న చెవులతోనే ఇది వింటున్నామా అనిపించింది. రెండు సినిమాలకీ మధ్య రెండేళ్లే తేడా. ఇందులో ఆయన అరవరు. నవ్వుతూ, పక్కింటాయన మాట్లాడినట్టు మాట్లాడతారు, తెలంగాణ యాసలో. ఎంత మామూలుగా మాట్లాడితే అంత భయం వేస్తుంది.

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పాలి. మాది కరీంనగర్. చిన్నప్పుడు ఆయన యాస విని మా ఇంట్లో రెండు రకాలుగా ఉండేది. మన మాట సినిమాలో వినిపించిందన్న సంతోషం ఒకటి. ఎప్పుడు వినిపించినా విలన్ నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో వినిపిస్తుందన్న కోపం ఇంకొకటి. మా నాన్నకి ఆ కోపం ఇప్పటికీ ఉంది. ఆ రోజుల్లో హీరో మన మాట మాట్లాడేవాడు కాదు, అది నిజం, ఆ తప్పు రాసినవాళ్లది, తీసినవాళ్లది. దానిలో కోట గారికి వాటా ఎంత అని ఈ నెలంతా ఆలోచించాను. నాకు తోచింది ఇది. యాసని వెక్కిరించడానికి వాడేవాళ్లు రెండు మూడు పదాలు పట్టుకుని వాటినే సాగదీస్తారు. ఆయన అలా చేయలేదు. 'గణేష్' (1998) వినండి. వెంకటేష్ గారి సినిమా, అందులో ఆరోగ్య మంత్రి సాంబశివుడు. ఆ వేషానికి ఆయనకి నంది అవార్డు కూడా వచ్చింది. ఆ మంత్రి బుజ్జగించేటప్పుడు యాస ఒక తీరుగా, బెదిరించేటప్పుడు ఇంకో తీరుగా, పదిమందిలో మాట్లాడేటప్పుడు కాస్త పుస్తక భాష కలిసి వస్తుంది. మా దగ్గర లీడర్లు అచ్చంగా అలాగే మాట్లాడతారు. కంకిపాడులో పుట్టిన మనిషి అంత శ్రద్ధగా చెవి పెట్టి విన్నారంటే ఆ భాష మీద గౌరవం లేకుండా వినలేరని నా నమ్మకం. మా నాన్నకి ఫోన్ చేసి ఇదే చెప్పాను. "విన్నడు, మంచిగనే విన్నడు, గని ఆ మాట మంచోని నోట్లె ఎందుకు పెట్టలే" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

మళ్లీ యాప్ సంగతికి వస్తాను, ఎందుకంటే గొంతు గురించి ఇంత చెప్పింది అందుకే. ఈ యాప్‌లో 1990కి ముందు సినిమాల శబ్దం చాలా అన్యాయంగా ఉంది. నేపథ్య సంగీతం చెవులు పగిలేలా వస్తుంది, మాటలు బావిలోంచి వచ్చినట్టు ఉంటాయి. రిమోట్ చేతిలో పట్టుకుని మాటకి పెంచడం, సంగీతానికి తగ్గించడం, ఇదే పని. హీరో అయితే పాటలో, ఫైటులో తెలిసిపోతాడు. కోట గారిది మాట, ఆ మాట చివర్లో వదిలే చిన్న ఊపిరి, ఒక "ఆఁ", ఒక గొణుగుడు. ఆ గొణుగుడు వినిపించకపోతే సగం వేషం పోయినట్టే. అదే సినిమా యూట్యూబ్‌లో ఉచితంగా దొరికిన చోట శబ్దం ఇంతకంటే బాగుంది, మధ్యలో ప్రకటనలు వచ్చినా సరే. డబ్బులు కట్టినచోట ఇలా ఉండటం సరికాదు.

ఇంకొకటి, బొమ్మ. పాత సినిమా పలక ఆకారంలో ఉంటుంది కదా, దాన్ని ఇప్పటి టీవీకి నిండుగా కనిపించాలని పైనా కిందా కోసేశారు. మధ్యలో నిలబడ్డ హీరోకి ఏమీ కాదు. పక్కన కూర్చున్న కోట గారి తల పైన కోత పడుతుంది, కొన్నిచోట్ల చేతులు కనిపించవు. సబ్‌టైటిల్స్ అయితే నేను ఆపేశాను. లక్ష్మీపతి మాటలూ కాశయ్య మాటలూ ఒకే ఇంగ్లిష్‌లోకి వచ్చేస్తే ఏం తెలుస్తుంది, అమెరికాలో పెరుగుతున్న మా అక్క పిల్లలకి చూపిద్దామనుకున్నాను గానీ వాళ్లకి ఇలా చూపించబుద్ధి కాలేదు.

'శివ' (1989), 'గాయం' (1993) రెండూ ఉన్నాయి, ప్రింట్లు ఫర్వాలేదు. 'శివ'లో మాచిరాజు వేషం నిడివి తక్కువే కానీ భవాని అనే రౌడీని వాడుకునే రాజకీయం ఎవరిదో ఆ కాస్తలోనే తెలిసిపోతుంది. బాబూమోహన్ గారితో చేసిన కామెడీ కూడా చాలానే ఉంది, 'మామగారు' (1991), 'సీతారత్నంగారి అబ్బాయి' (1992) వంటివి. జనానికి ఇవి చాలా ఇష్టం, ఇద్దరి మాటల టైమింగ్ గొప్పదే, కాదనను. కానీ వాటిలో కోట గారు బాబూమోహన్ గారిని తన్నే తన్నులు ఇప్పుడు చూస్తే నాకు నవ్వు రాలేదు. మాటతోనే నవ్వించగల ఇద్దరికి తన్ను రాయడం దేనికి అనిపించింది. అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు, "అప్పుడు హాలంతా లేచి నిలబడేది, నువ్వు పుట్టలేదు" అన్నారు.

ఈ నెలలో నేను చూసినవాటిలో గుండెకి దగ్గరగా వచ్చింది 'ఆ నలుగురు'. 2004, చంద్ర సిద్ధార్థ గారి సినిమా. దీన్ని దయచేసి 'అహ నా పెళ్లంట' చూసిన వారంలోపే చూడండి, విడిగా కాదు. ఎందుకంటే రెండింట్లోనూ ఎదురుగా ఉన్నది రాజేంద్రప్రసాద్ గారే. రెండింట్లోనూ కోట గారు పిసినారే. మొదటిదానిలో లక్ష్మీపతి, పదిహేడేళ్ల తర్వాత అప్పులిచ్చే కోటయ్య. అదే నటుడు, అదే గుణం, ఎదుట అదే మనిషి. పాత వేషాన్ని మళ్లీ వేసేసి చప్పట్లు కొట్టించుకోవచ్చు, జనం కూడా సంతోషంగా కొట్టేవారు. ఆయన ఆ దారిలోకే వెళ్లలేదు. లక్ష్మీపతికి డబ్బు అంటే ఆట, కోటయ్యకి డబ్బు అంటే భయం. ఆ తేడా మాటల్లో ఎక్కడా చెప్పరు. లెక్క అడిగేటప్పుడు కోటయ్య ఎదుటి మనిషి కళ్లలోకి పూర్తిగా చూడడు, అప్పు ఇచ్చినవాడే సిగ్గుపడుతున్నట్టు ఉంటాడు. చావు ఇంటి దగ్గర ఆ ముఖం చూడండి. అప్పటికి అత్తయ్యకి ఒక కన్ను బాగా కుదుటపడింది, ఇది ఆవిడ కూర్చుని చూశారు. సినిమా అయ్యాక మందు చుక్కలు వేస్తుంటే కంట్లో అప్పటికే నీళ్లున్నాయి, కాసేపాగి వేశాను.

తండ్రి వేషాలు కూడా చూడాలనుకునేవాళ్లకి 'ఆడవారి మాటలకు అర్థాలే వేరులే' (2007) ఉంది. ఉద్యోగం లేని కొడుకుని తిట్టిపోసే తండ్రి, ఆ కొడుకు ప్రేమ కోసం తన మొహమాటం పక్కన పెట్టి ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి మాట్లాడే తండ్రి. వెంకటేష్ గారి సినిమాలో సాంబశివుడుగా చూసిన మనిషే ఇక్కడ వెంకటేష్ గారికి నాన్న, ఒక్క నిమిషం కూడా ఆ మంత్రి గుర్తుకు రాడు. 'బొమ్మరిల్లు'లో (2006) హాసిని నాన్నగా కనకారావు వేషం చిన్నదే, అయినా ఆ ఇల్లు ఎలాంటిదో, ఆ పిల్ల అలా ఎందుకు పెరిగిందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ యాప్‌లో 'కామెడీ సీన్స్' అని ఒక వరుస పెట్టారు, రెండు నిమిషాల ముక్కలు. కోట గారి ముక్కలు అందులో బోలెడు. సరదాకి బాగానే ఉంటాయి. కానీ ఆయన్ని ముక్కల్లో చూసినవాళ్లు ఆయన్ని చూడలేదనే అంటాను. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, నాటకాలు వేస్తూ, 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చిన మనిషి. నాటకంలో మొదటి రంగం నుంచి చివరి రంగం దాకా వేషం మోయాలి. ఆయన సినిమాలో కూడా అలాగే మోస్తారు, మొదట్లో ఒక చూపు వేసి ఉంచి, గంటన్నర తర్వాత దాన్ని తీసి వాడుకుంటారు. ముక్క కోస్తే ఆ చూపు పోతుంది.

చందా కట్టాలా వద్దా అంటారా. 1995 తర్వాత సినిమాలకైతే కట్టండి, ప్రింట్లు బాగున్నాయి, 'ఆ నలుగురు' ఒక్కటి చూసినా మీ డబ్బు వచ్చినట్టే. అంతకుముందు సినిమాలకైతే యూట్యూబ్ చూసుకుని, అక్కడ లేకపోతేనే ఇటు రండి. ఏడాదికి ఒకేసారి కట్టకండి, నేను చేసిన పొరపాటు అది, నెలకి కట్టి చూసుకోండి. పేరుతో వెతకొద్దు, సినిమా పేరుతోనే వెతకండి. తమిళంలో ఆయన చేసిన 'సామి' (2003), అందులో పెరుమాళ్ పిచ్చై వేషం గురించి చాలా విన్నాను, ఇక్కడ లేదు. యాప్‌వాళ్లకి రెండుసార్లు రాశాను, నటులందరి పేర్లూ ఎక్కించండి అని. మీ సూచనకి ధన్యవాదాలు అని రెండుసార్లూ ఒకే మెసేజ్ వచ్చింది.

అత్తయ్య పోయిన ఆదివారం గుడివాడ వెళ్లిపోయారు, రెండు కళ్లూ బాగున్నాయి. నిన్న ఫోన్ చేసి, నేను రాసుకున్న కాగితం ఫొటో తీసి పంపమన్నారు. పంపాను. కాసేపటికి మళ్లీ ఫోన్ చేసి, "ఇందులో 'లిటిల్ సోల్జర్స్' రాయలేదేంటే, అందులో తాత వేషం ఎంత బాగుంటుందో" అన్నారు. యాప్‌లో లేదు అత్తయ్యా అన్నాను. "ఉంటే బాగుండేది, ఇప్పుడు చూద్దును కదా" అన్నారు.