వ్యాపారి రాష్ట్ర రాజకీయాల్లోకి వచ్చేందుకు శాసన మండలి మేలా, శాసన సభకు పోటీ మేలా?

సొంత సంస్థను నిలబెట్టిన వ్యక్తి రాష్ట్ర రాజకీయాల్లోకి రాదలచుకుంటే, పార్టీ అధినేత నమ్మకంతో శాసన మండలికి వెళ్ళడం ఒక దారి, నియోజకవర్గంలో టికెట్ తెచ్చుకుని శాసన సభకు పోటీ చేయడం మరో దారి. నారాయణ విద్యాసంస్థల వ్యవస్థాపకుడు పొంగూరు నారాయణ ఈ రెండు దారుల్లోనూ నడిచారు కనుక, ఆయన అనుభవం నుంచి మొదలుపెట్టడం సబబు.

2014 జూన్‌లో ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే ఆంధ్రప్రదేశ్ పురపాలక మంత్రి అయ్యారు. రాజ్యాంగంలోని 164(4) అధికరణం అందుకు ఆరు నెలల గడువు ఇస్తుంది. ఆలోగా ఆయన ఎమ్మెల్సీ అయ్యారు. అమరావతి కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చిన భూసమీకరణ ఆయన శాఖ పరిధిలోనే సాగింది. ఊరూరా తిరిగి ఓట్లు అడగవలసిన అవసరం లేకుండా, పెద్ద సంస్థను నడిపిన అనుభవం నేరుగా పాలనలో ఉపయోగపడడం మండలి దారిలోని అసలు ప్రయోజనం. అయితే అయిదేళ్ళు మంత్రిగా పనిచేసిన తరువాత కూడా, 2019లో నెల్లూరు సిటీలో ఆయన రెండు వేలకు లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2024లో అదే చోట 72 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ గెలుపులో కూటమి గాలి పాత్ర తప్పక ఉంది. అయినా ఓటర్లు ఎన్నుకున్న మంత్రికీ, అధినేత ఎంచుకున్న మంత్రికీ పార్టీలో ఉండే బలం ఒకటి కాదు.

అందుకే నేను పోటీ వైపే మొగ్గుతాను. ఎమ్మెల్యే ఇంటి ముందు తెల్లవారకముందే పింఛను ఆగిపోయిన ముసలమ్మ, ఆసుపత్రి బిల్లుతో ముఖ్యమంత్రి సహాయ నిధి దరఖాస్తు పట్టుకొచ్చిన తండ్రి నిలబడి ఉంటారు. వారిని రోజూ కలవడం వ్యాపారికి ఏ బోర్డు సమావేశమూ నేర్పని చదువు. కానీ దీనికి పూర్తి సమయం కావాలి. సంస్థను నడిపించే సమర్థులు లేనివారికి మండలే నయం.

ఏ దారిన వచ్చినా, వ్యాపారం ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. రాష్ట్ర ప్రభుత్వ అనుమతులపై నడిచే పరిశ్రమకు చిక్కులు ఎక్కువ. గల్లా జయదేవ్ గుంటూరు ఎంపీగా ఉండగా, 2021లో కాలుష్య నియంత్రణ మండలి ఆయన కుటుంబానికి చెందిన బ్యాటరీల సంస్థ అమరరాజా ప్లాంట్ల మూసివేతకు ఆదేశించింది, హైకోర్టు ఆ ఆదేశాలను నిలిపివేసింది. కారణం కాలుష్యమని ప్రభుత్వం, రాజకీయ కక్ష అని ఆయన పార్టీ వాదించాయి. వాదన ఎవరిదైనా, ఉద్యోగుల గుండెల్లో రాయి పడింది. 2024 జనవరిలో జయదేవ్ క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకున్నారు.

మంత్రి పదవి వస్తే ప్రవర్తనా నియమావళి ప్రకారం వ్యాపార నిర్వహణ వదులుకోవాలి. యాజమాన్య హక్కు మాత్రం సాధారణంగా ఉంచుకోవచ్చు. ప్రధానంగా ప్రభుత్వ లైసెన్సులు, అనుమతులపై నడిచే వ్యాపారమైతే దాన్నీ వదులుకోవాలి. పగ్గాలు కుటుంబంలో వయోజనులైన వారికి అప్పగించవచ్చు గాని జీవిత భాగస్వామికి కాదు. ఇక తన పేరు మీదే ప్రభుత్వ పనులు చేసే కాంట్రాక్టరు విషయంలో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 9ఎ సెక్షన్ ప్రకారం, అదే ప్రభుత్వంతో కాంట్రాక్టు కొనసాగుతుంటే సభ్యత్వానికే అనర్హత వస్తుంది. పని పూర్తయి బిల్లు మాత్రమే రావలసి ఉంటే ఆ అడ్డంకి లేదు కనుక, అలాంటివారు నామినేషన్‌కు ముందే పనులన్నీ ముగించి, పూర్తయినట్టు శాఖ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి.