బోర్డు మీద "పిల్లల వైద్య నిపుణులు" అని ఉంది కదా అని నమ్మేయకండి

కొత్తగా హైదరాబాదు వచ్చి, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. పోయిన నెల మా పాప విషయంలో నేను చేసిన పొరపాటు ఇది. క్లినిక్ పేరు, డాక్టరు పేరు రాయను. ఫిర్యాదు ఇచ్చాం, అది నడుస్తోంది.

మేం కాకినాడ నుంచి కూకట్‌పల్లి వైపు మారి రెండు నెలలైంది. పాపకి 14 నెలలు. కాకినాడలో పుట్టినప్పటి నుంచీ చూసిన డాక్టరమ్మ ఉండేవారు, ఫోన్ చేస్తే పలికేవారు. ఇక్కడ ఎవరూ తెలీదు. మూడు రోజులుగా జలుబు, దగ్గు, రాత్రయితే 102 జ్వరం. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. ఫోన్ తీసి దగ్గర్లో పిల్లల డాక్టరెవరా అని వెతికా. 4.8 స్టార్లు, వందల కొద్దీ రివ్యూలు, సగం మంది "సార్ దేవుడు" అని రాశారు. ఆటోలో ఐదు నిమిషాల దూరం. ఇంకేం కావాలనుకుని బయల్దేరిపోయా.

గోడల నిండా జిరాఫీలు, ఏనుగులు. వచ్చిన ప్రతి పిల్లకీ ఒక బెలూను. గుమ్మం పైన పెద్దక్షరాలతో "పిల్లల వైద్య నిపుణులు". పేరు కింద ఎంబీబీఎస్, దాని తర్వాత నాలుగైదు పొడి అక్షరాల గుంపులు, ఒకదాని పక్కన బ్రాకెట్లో ఏదో విదేశీ ఊరి పేరు. నేను బీకాం చదివినదాన్ని, ఎన్ని అక్షరాలుంటే అంత చదువనుకున్నా.

లోపల గట్టిగా మూడు నిమిషాలు ఉన్నాం. పాపని బరువు తూచలేదు. స్వెటర్ మీంచే స్టెతస్కోపు పెట్టారు. ఆరు మందులు రాశారు. నెబ్యులైజర్ రోజుకి రెండుసార్లు, ఐదు రోజులు, క్లినిక్‌లోనే పెట్టించుకోవాలట, ఒక్కోసారికి 150. మొత్తం 1,500 ముందే కట్టమన్నారు. కట్టేశా. మందులు కింద వాళ్ల షాపులోనే దొరుకుతాయి, బయట ఇంకెక్కడా ఆ పేర్లు దొరకలేదు.

అసలు సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. జ్వరం మందు దగ్గర "5 ఎంఎల్" అని రాసుంది. షాపతను ఇచ్చిందేమో డ్రాపరున్న చిన్న సీసా. ఆ డ్రాపరు మీద గీతలు ఒక్క ఎంఎల్ వరకే ఉన్నాయి. ఐదుసార్లు పీల్చి పొయ్యాలా? అనుమానమొచ్చి క్లినిక్‌కి ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి "సార్ ఎలా రాస్తే అలా ఇచ్చేయండి మేడమ్" అని పెట్టేసింది.

మా వదిన రాజమండ్రిలో స్టాఫ్ నర్సు. సీసా ఫోటో, చీటీ ఫోటో పంపా. నిమిషంలో ఫోన్ చేసింది. "అమ్మాయ్, ఇంకా పొయ్యలేదు కదా?" అదే మొదటి మాట. తర్వాత లెక్క చెప్పింది. పారాసెటమాల్ పిల్లలకి కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున. మా పాప తొమ్మిది కిలోలు, అంటే సుమారు 135. చుక్కల మందులో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములుంటుంది. ఐదు ఎంఎల్ పోస్తే 500, అంటే ఇవ్వాల్సిన దానికి దాదాపు నాలుగింతలు, అదీ ఒక్కసారికే. సిరప్ వేరు. అందులో ఐదు ఎంఎల్‌కి 120 లేదా 125 ఉంటుంది, 250 ఉన్నవీ వస్తాయి. ఆ డాక్టరు మనసులో ఉన్నది సిరప్పే అయ్యుండొచ్చు, అంత మాత్రం ఒప్పుకుంటా. కానీ చీటీలో సిరప్ అని లేదు, ఎంత పవరో లేదు, పాప బరువు లేదు.

"చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరేదీ?" అంది వదిన. అలాంటిదొకటి ఉండాలని నాకు అప్పటిదాకా తెలీదు. 2002 నాటి వైద్యవృత్తి నియమాల ప్రకారం ప్రతి డాక్టరూ మెడికల్ కౌన్సిల్ ఇచ్చిన నంబరు క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి, మందుల చీటీ మీదా, డబ్బు రసీదు మీదా వెయ్యాలి. నా చేతిలో ఉన్న రెండు కాగితాల్లో ఒక్కదాని మీదా లేదు.

మర్నాడు మా ఆయన వెళ్లి అడిగితే "అవన్నీ మీకెందుకు సార్" అన్నారట. సరే, పేరుతోనే వెతికాం. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైటులో ఇండియన్ మెడికల్ రిజిస్టర్, అంటే రిజిస్టరైన డాక్టర్ల జాబితా, ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. ఒకే పేరుతో పది మంది వస్తారు. తండ్రి పేరు, యూనివర్సిటీ, చదువు పూర్తయిన ఏడాది చూసి పోల్చుకోవాలి. మాకు గంట పట్టింది. దొరికారు. ఎంబీబీఎస్ ఉంది. అంతే, దాని కింద ఇంకేమీ లేదు. రాష్ట్ర కౌన్సిల్ రికార్డులోనూ అదే.

అంటే ఆయన దొంగ డాక్టరు కాదు. నిజం డాక్టరే. కాకపోతే పిల్లల డాక్టరు కాదు. ఈ తేడా నాలాంటివాళ్లకి తట్టదు. ఎంబీబీఎస్ చదివినవాళ్లు పిల్లల్ని చూడకూడదని ఏమీ లేదు, మా ఊళ్లో అలా చూసే మంచి డాక్టర్లున్నారు. కానీ ఆ విభాగంలో చదువు లేకుండా నిపుణుణ్ణని బోర్డు పెట్టుకోకూడదు, అవే నియమాలు ఆ మాటా చెప్తాయి. పిల్లల వైద్యంలో పీజీ అంటే ఎండీ పీడియాట్రిక్స్ గానీ, డీఎన్‌బీ గానీ. ఈ రెండూ ఎంబీబీఎస్ తర్వాత మూడేళ్లు. డీసీహెచ్ అని రెండేళ్ల డిప్లొమా ఉంది, పాతతరం పిల్లల డాక్టర్లలో చాలామందిది అదే, దాన్ని తక్కువగా చూడక్కర్లేదు. వీటిలో ఏదో ఒకటి కనిపించాలి. ఫెలోషిప్పులు, ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఫలానా సంఘంలో సభ్యత్వం, ఇవన్నీ వీటి మీద అదనంగా ఉంటే సంతోషమే, వీటికి బదులు కావు.

పీజీ చేసినవాళ్లు దాన్ని కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించుకుంటారు. కొత్తగా పాసైనవాళ్లదో, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లదో ఆన్‌లైన్‌లో ఎక్కడం ఆలస్యం కావచ్చు. అందుకని అక్కడ కనబడకపోగానే మోసమని తేల్చెయ్యకండి, ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. ఉన్నవాళ్లు గోడకే తగిలించుకుంటారు. ఇంకో సంగతి, కుర్చీలో కూర్చున్న మనిషీ బోర్డు మీద పేరూ ఒకటేనా అన్నది కూడా చూసుకోండి. ఆయుర్వేదం, హోమియో వాళ్లవి వేరే రిజిస్టర్లు, ఇక్కడ వెతికితే దొరకరు. ఇక ఆర్‌ఎంపీ అంటే చట్టంలో రిజిస్టరైన డాక్టరు, మన ఊళ్లలో రిజిస్టర్ కాని డాక్టరు! ఆ మూడక్షరాలు చూసి ఏమీ అర్థం చేసుకోకండి.

ఆ సాయంత్రమే వదిన చెప్పిన గుర్తులతో వెతికి ఒక డీసీహెచ్ డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. చిన్న గది, బొమ్మల్లేవు, కిర్రుమనే పాత తూకం. ముందు పాప బట్టలు తీయించి తూచారు, 9.1 కిలోలు, చీటీ మీద రాశారు. ఒళ్లో నిద్రపోతుంటే గౌను పైకెత్తి, గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టారు. "36. ఏడాది దాటిన పిల్లలకి 40కి చేరితే కంగారు పడాలమ్మా" అన్నారు. పాత చీటీ చూసి ఏమీ అనలేదు, జలుబు చుక్కల సీసా మాత్రం నా చేతికిచ్చి లేబుల్ చదవమన్నారు. నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని దాని మీదే అచ్చయి ఉంది! క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందుల మీద అలా వెయ్యాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించిందట. దగ్గు సిరప్పూ తీసేశారు. మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయారు కదా, అప్పుడు 2025 అక్టోబరులో రెండేళ్లలోపు వాళ్లకి అసలు రాయొద్దని కేంద్రం చెప్పిందన్నారు. స్టిరాయిడ్, యాంటీబయాటిక్ కూడా ఇప్పుడు వద్దన్నారు. ముక్కులోకి ఉప్పునీటి చుక్కలు, జ్వరానికి కొలత ప్రకారం పారాసెటమాల్, అంతే. నాలుగో రోజుకి పాప మామూలుగా ఆడుకుంది.

ఫిర్యాదు చెయ్యాలనుకునేవాళ్లకి: డాక్టరు మీద అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా, క్లినిక్‌కి అనుమతి ఉందా లేదా అన్నదానికి జిల్లా వైద్యాధికారి ఆఫీసుకి. చీటీ, రసీదు, సీసాలు పారెయ్యకండి, మేం అన్నీ ఫోటోలు తీసి అసలువి దాచాం. అసలు డాక్టరే కానివాళ్లు దొరికితే అది వేరే కథ, రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం కింద ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా.

రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టించాక మేం మళ్లీ ఆ మెట్లెక్కలేదు. మిగిలిన 1,200 వెనక్కిమ్మని మా ఆయన మూడుసార్లు తిరిగారు. మూడుసార్లూ సార్ లేరన్నారు. మూడోసారి పాపకని ఒక బెలూను ఇచ్చి పంపారు.