కానన్ 1500డి: పెట్టె మీది అంకెల్లో పనికొచ్చేవి ఏవి

2018లో వచ్చిన డీఎస్ఎల్ఆర్ ఇది, అంటే లెన్స్ మార్చుకునే వీలున్న కెమెరా. 24.1 మెగాపిక్సెల్, 18-55 కిట్ లెన్స్, ఐఎస్ఓ 100-6400, 9 ఫోకస్ పాయింట్లు అని పెట్టె మీద ఉంటుంది. షాపులో గట్టిగా చెప్పేది మొదటి అంకె. ఫొటో బాగా రావడానికి అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ అదే. అసలు చూడాల్సిన అంకె లెన్స్ ముందు రింగు మీద చిన్నగా రాసి ఉంటుంది: 1:3.5-5.6. కడపలో పెళ్లిళ్లు, గండికోట, ఒంటిమిట్ట తీయాలని మొదటి కెమెరా కొనేవాళ్లకు ఈ రెండో అంకె అర్థమైతే, ఈ కెమెరా తమకు సరిపోతుందో లేదో వాళ్లే తేల్చుకోగలరు.

ముందు మెగాపిక్సెల్ సంగతి. 24.1 అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. 12×18 అంగుళాల ఆల్బమ్ పేజీకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400×3600 చాలు. పేజీ నిండా ఒకే ఫొటో వేసినా అంచులు కాస్త కత్తిరించుకునే వీలుంటుంది. ‘నా ఫోనుకే 108 ఉంది, దీనికి 24 ఏనా’ అని అడిగేవాళ్లు సెన్సర్ (కాంతిని పట్టే చిప్పు) సైజు చూడాలి. దీనిది 22.3×14.9 మిల్లీమీటర్లు, ఏపీఎస్-సి అంటారు. 108 మెగాపిక్సెల్ ఫోన్ల సెన్సర్ ఇంతకంటే చాలా చిన్నది. వైశాల్యంలో కొన్ని రెట్ల తేడా. ఫోన్ ఆ లోటును వరసగా తీసిన కొన్ని ఫొటోలను కలిపి పూడ్చుకుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్లు కదలనంతసేపు ఆ కిటుకు బాగానే పనిచేస్తుంది. తలంబ్రాలు పోసుకుంటుంటే చేతులు అలికినట్టు వస్తాయి.

ఇక లెన్స్. 18, 55 అనేవి ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో. 18 దగ్గర అడ్డంగా సుమారు 64 డిగ్రీల మేర పడుతుంది. గండికోట అంచున నిలబడితే పెన్నా లోయ రెండు గోడలూ ఒకే ఫ్రేములో రావడానికి ఇది కావాలి. 55 దగ్గర 23 డిగ్రీలే, మనిషి ముఖానికి బాగుంటుంది. పూర్తి ఫ్రేమ్ (ఇంతకంటే పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాలతో పోల్చాలంటే 1.6తో గుణించాలి: 29 నుంచి 88. దీన్నే క్రాప్ ఫ్యాక్టర్ అంటారు.

3.5-5.6 అనేది ఎపర్చర్, అంటే లెన్స్ లోపల రెక్కలు ఎంత తెరుచుకోగలవో చెప్పే ఎఫ్ నంబర్. అంకె తగ్గేకొద్దీ తెరుపు పెద్దది, కాంతి ఎక్కువ. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఈ లెన్స్ 18 దగ్గర 3.5 వరకు తెరుచుకుంటుంది, 55కు జూమ్ చేస్తే 5.6 దాటి తెరుచుకోదు. ఆ రెండింటి మధ్య కాంతి దాదాపు రెండున్నర రెట్లు తగ్గుతుంది. ఆ లోటును పూడ్చేది ఐఎస్ఓ, అది పెరిగేకొద్దీ ఫొటో గరుకవుతుంది. 18 దగ్గర ఐఎస్ఓ 1600తో సరిపోయిన ఫొటోకు, అక్కడే నిలబడి 55కు జూమ్ చేస్తే ఐఎస్ఓ 4000 కావాలి. ‘జూమ్ చేస్తే ఫొటో గరుకుగా వస్తోంది, కెమెరా పాడైంది’ అనే ఫిర్యాదులో చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. కల్యాణమండపంలో సాయంత్రం దాటాక జూమ్ తిప్పకుండా రెండడుగులు ముందుకేయడమే మేలు.

రింగు మీద ఇంకొక మాట కూడా చదవండి: ‘ఐఎస్’. వణుకును సర్దే ఏర్పాటు అది. ఇదే 18-55 శ్రేణిలో ఐఎస్ లేకుండా ‘III’ అని ఇంకో లెన్స్ ఉంది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కొనేటప్పుడు ‘ఐఎస్ II’ అని ఉందో లేదో చూసి తీసుకోండి. అది చేతి వణుకును మాత్రమే సర్దుతుంది, పెళ్లికొడుకు కదలికను ఆపలేదు. దానికి షట్టర్ స్పీడే (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలన్న లెక్క) మందు.

షట్టర్ స్పీడ్ ఇందులో 30 సెకన్ల నుంచి 1/4000 సెకను వరకు. ఐఎస్ లేకపోతే 55 దగ్గర చేత్తో పట్టుకుని తీయడానికి కనీసం 1/100 ఉండాలి. తలంబ్రాలు గింజగింజగా కనబడాలంటే 1/250 అయినా కావాలి, 1/500 అయితే నయం. ఇక్కడ ఒక చిక్కుంది: కెమెరా మీది ఫ్లాష్ లేపితే 1/200 దాటనివ్వదు. ఫ్లాష్ వెలిగే క్షణంలో షట్టర్ పూర్తిగా తెరిచి ఉండాలి, ఇందులో అది సాధ్యమయ్యే హద్దు అంతవరకే. రెండో చిక్కు లైట్లతో వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/250 పెడితే ఫొటోలో పసుపు లేదా నల్లటి చారలు పడొచ్చు. అలా పడితే 1/100కు దిగి, జనం కాస్త నిలకడగా ఉన్న క్షణం కోసం కాచుకోవాలి.

ఐఎస్ఓ అంటే సెన్సర్ నుంచి వచ్చిన సంకేతాన్ని ఎంత పెంచాలన్న లెక్క. 1600 వరకు ధైర్యంగా వాడొచ్చు. 3200 చిన్న ప్రింటుకు, వాట్సాప్‌కు సరిపోతుంది. 6400 ఫొటో అసలు దక్కకపోవడం కంటే నయం, అంతే. 12800 అనేది మెనూలో తెరిస్తేనే వస్తుంది, దాన్ని మర్చిపోండి. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో జరుగుతుంది. అలాంటి చోట మోడ్ డయల్‌ను ‘Tv’ అనే గుర్తు మీద పెట్టి (షట్టర్ మనం చెప్పేది, ఎపర్చర్ అది చూసుకునేది) 1/125 ఇవ్వండి. ఆటో ఐఎస్ఓ గరిష్ఠాన్ని మెనూలో 3200కు కట్టేయండి. తెర మీద ఎఫ్ నంబర్ మినుకుతుంటే వెలుతురు చాలట్లేదని అర్థం, అప్పుడే 6400కు పెంచండి. ఫోకస్‌కు 9 పాయింట్లున్నా క్రాస్ టైప్ (అడ్డ గీతలనూ నిలువు గీతలనూ పట్టేది) నడిమిది ఒక్కటే. చీకట్లో దాన్నే ఎంచుకోండి. ముఖం మీద పెట్టి సగం నొక్కి, ఫ్రేము సర్దుకుని, పూర్తిగా నొక్కడం. జనం వెనకనుంచి వేదిక అందాలంటే మాత్రం 55 చాలదు, 55-250 లెన్స్ వేరే కొనాల్సిందే.

మీటరింగ్ గురించి ఎవరూ చెప్పరు గానీ కడపలో దాంతోనే ఎక్కువ పని. కెమెరా ఎదురుగా ఏమున్నా సగటు బూడిదరంగు అనుకుని వెలుతురు కొలుస్తుంది. తెల్ల పంచె, తెల్ల సున్నం గోడ ఫ్రేము నిండా ఉంటే వాటిని మసకగా చేస్తుంది. కడప నల్లబండలు పరిచిన వరండాలో కూర్చోబెట్టి తీస్తే బండల నలుపును తేల్చబోయి ముఖాన్ని తెల్లగా మాడుస్తుంది. మొదటిదానికి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుతురును పెంచే, తగ్గించే సర్దుబాటు) ప్లస్ 2/3 నుంచి 1 వరకు, రెండోదానికి మైనస్ 1. వెనక ఉన్న ‘Av +/-’ బటన్ నొక్కి పట్టి పైచక్రం తిప్పితే మారుతుంది. పని అయ్యాక సున్నాకు తేవడం మర్చిపోతే ఆ తర్వాతి ఫొటోలన్నీ అలాగే వస్తాయి. ఒకే బిందువును కొలిచే స్పాట్ మీటరింగ్ ఇందులో లేదు. ఫ్రేము నడిమి భాగాన్ని కొలిచే పార్షియల్ ఉంది, దాంతో సర్దుకోవచ్చు.

గండికోటలో మిట్టమధ్యాహ్నం లెక్క తేలిక: ఐఎస్ఓ 100, ఎఫ్ 8, 1/400. ఎఫ్ 16 దాకా మూసేస్తే అంతా మరింత స్పష్టంగా వస్తుందనుకుంటారు. ఎఫ్ 11 దాటాక కాంతి అంచుల దగ్గర వంగి ఫొటో కాస్త మెత్తబడుతుంది. పైగా సెన్సర్ మీది దుమ్ము మచ్చలు బయటపడేది కూడా అక్కడే. ఎవరైనా ‘50 ఎంఎం ఎఫ్ 1.8 కొనుక్కో’ అని సలహా ఇస్తారు. మంచి సలహానే, ముఖాలకు, రాత్రిళ్లకు చాలా తేడా వస్తుంది. కానీ ఆ ఎండలో 1.8 పెడితే 1/8000 కావాలి, ఈ కెమెరాకు 1/4000 వరకే ఉంది. ఎఫ్ 2.5 కంటే కిందికి దించితే ఆకాశం తెల్లగా మాడిపోతుంది. పైగా ఇందులో అది 80తో సమానం, చిన్న గదిలో పదిమందిని పట్టాలంటే గోడకు ఆనుకున్నా కుదరదు.

దుమ్ము గురించి ఒక మాట. కొన్ని కెమెరాలు ఆన్ చేయగానే సెన్సర్‌ను దులుపుకుంటాయి, ఇది దులుపుకోదు. దుమ్ము రాకుండా రబ్బరు సీళ్లూ లేవు. గాలి వీచేచోట లెన్స్ మార్చొద్దు. తప్పదంటే కెమెరాను ఆఫ్ చేసి, నోరు కిందికి తిప్పి మార్చండి. నోటితో ఊదితే తుంపర పడి మరకవుతుంది, రబ్బరు బ్లోయర్ వాడండి. కంపెనీ చెప్పే పని ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు. మే నెలలో మన ఎండ ఆ గీత దాటుతుంది, కాబట్టి మూసిన కారులో కెమెరాను వదలొద్దు.

వీడియో ఫుల్ హెచ్‌డీ, మైక్ గుచ్చే రంధ్రం లేదు. వీడియో కోసమే అయితే దీన్ని కొనకండి. వైఫై ఫోనుకు ఫొటోలు పంపుకోవడానికి సరిపోతుంది. బ్యాటరీ వ్యూఫైండర్‌తో 500 ఫొటోల దాకా అని కంపెనీ లెక్క, లైవ్ వ్యూ (వెనక తెర మీద చూస్తూ తీయడం) వాడితే బాగా తగ్గుతుంది. పెళ్లికి రెండోది ఉండాలి.

నేర్చుకోవడానికి మంచి యంత్రం. పెళ్లి ఆర్డర్లు ఒప్పుకోవడానికి 50 ఎంఎం, బయటి ఫ్లాష్ తోడైతే గానీ చాలదు. పాతది కొంటుంటే అడుగున ఉన్న సీరియల్ నంబరు బిల్లుతో కలుస్తుందో చూడండి. తర్వాత మోడ్ డయల్‌ను ‘Av’ (ఎపర్చర్ మనం చెప్పేది) మీద ఉంచి, ఎఫ్ 22 పెట్టి, ఫోకస్ మాన్యువల్‌లో ఉంచి ఖాళీ ఆకాశాన్ని తీసి తెర మీద పెద్దది చేయండి. నల్ల చుక్కలు కనబడితే బ్లోయర్‌తో ఊది మళ్లీ తీయండి. అవి పోతే దుమ్మే. పోకపోతే సెన్సర్ శుభ్రం చేయించే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.